పదహారు పళ్ళు

మూడు చక్రాల సైకిలు తోటకు వచ్చిన రోజే సూరాయమ్మ దాని వెనక గొంతుక్కూర్చుని చైను చక్రాల పళ్ళు లెక్కపెట్టింది. వెనక చక్రానికి పదహారు. పెడల్ దగ్గరి పెద్ద చక్రానికి నలభై నాలుగు. రెండోసారి కూడా లెక్కపెట్టి, చేతికంటిన గ్రీసు గౌనుకి తుడుచుకుంటూ లేచింది.

"ఇది ఈడ పనికిరాదు సార్" అంది.

తోట సూపర్‌వైజర్ సోమేశ్వరరావు అప్పుడే సైకిలు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని ఉన్నాడు. ఇక్కడ కువైట్‌లోనే సులైబియాలో ఏదో గోడౌను మూసేస్తుంటే అక్కడి నుంచి తనే బేరం చేసి తెచ్చాడు. తణుకు దగ్గరి మనిషి, మాటలో తీపి తగ్గనివ్వడు.

"ఏంటమ్మా పనికిరాంది? కొత్త టైర్లు. బంగారంలాంటి బండి. గోడౌన్‌లో రివ్వున తిరిగేదంట."

"గోడౌన్ల సిమెంటు గచ్చు సార్. ఈడ ఇసక. ఎనక పళ్ళు పదహారే ఉండాయి. ఒక తొక్కుడుకు పదిహేడు అడుగులు పోతాది. ఖాళీగా పోతే బాగుంటాది. బరువేసి ఇసకలో తొక్కితే మోకాళ్ళు ఊడొస్తాయి. ఎనక ఎక్కువ పళ్ళ చక్రం ఏయించండి, చాలు."

సోమేశ్వరరావు చుట్టూ ఉన్న వాళ్ళని చూసి నవ్వాడు. "వంటావిడ మనకి ఇంజినీరింగు చెబుతోందండోయ్. తక్కువ తొక్కుడు, ఎక్కువ దూరం. అంతకన్నా ఏం కావాలి? మరింకేం మాట్లాడకు. రేపట్నించి అన్నం దీని మీదే వెళ్ళాలి."

సూరాయమ్మది రాజంపేట. కువైట్ వచ్చి పదకొండేళ్ళు. అందులో తొమ్మిదేళ్ళు రిగ్గైలో, మామా అని పిలిచే కువైటీ యజమానురాలి ఇంట్లో వంట చేసి, ఆవిడ పిల్లలిద్దర్నీ పెంచింది. పిల్లలు పెద్దయ్యాక మామా ఆమెని కబ్ద్‌లో ఉన్న తమ తోటకి పంపేసింది. అక్కడ దోసకాయలు పండించే పదకొండుమందికి వండి పెట్టాలి. తోడుగా బషీరా బీ అని రాయచోటి మనిషి ఉంది. గిన్నెలు కడగటం, గొర్రెల దొడ్డి ఊడవటం ఆమె పని. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే కూలరు.

వంటగది గేటు పక్కన. దోసకాయల షెడ్లు రెండు కిలోమీటర్ల అవతల, మధ్యలో వేరేవాళ్ళ తోటలు దాటాక. మొదట గట్టి కంకర దారి. తర్వాత మూడు వందల అడుగుల మేర మెత్తటి ఇసుక, చివర్లో కొంచెం మిట్ట. ఇదివరకు పికప్ వ్యాను అన్నం మోసేది. ఇప్పుడా వ్యాను సోమేశ్వరరావు సొంత బండి అయిపోయింది. ఉదయం ఎక్కడికో వెళ్తాడు, మధ్యాహ్నం వస్తాడు. గొర్రెల దాణా కోసమంటాడు. దాణా మాత్రం వారానికి ఒకసారే దిగుతుంది.

జూన్ నెల. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. అందుకని షెడ్లలోవాళ్ళు పదకొండుకల్లా పని ఆపి అన్నానికి కూర్చుంటారు. అన్నం తెచ్చేవాళ్ళు మాత్రం ఆ వేళకే దారిలో ఉంటారు. ఆ రూలు తమకి రాదా అని సూరాయమ్మ ఒకసారి అడిగింది. "మీవి ఇంటి పని వీసాలమ్మా, ఆ రూలు కూలీలకి" అన్నాడు సోమేశ్వరరావు. సూర్యుడు వీసా చూసి కాలుస్తాడా అని అడగాలనిపించింది. అడగలేదు. అప్పటికింకా ఆమె కోపాన్ని మింగగలిగేది.

సైకిలు సంగతి ఆమెకి తెలియక మాట్లాడలేదు. రాజంపేటలో వాళ్ళ నాయనకి అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. పదేళ్ళ వయసు నుంచీ ఆమె పంక్చర్లు వేసింది, చైన్లు కత్తిరించింది, వెనక పళ్ళ చక్రాల ఫ్రీవీళ్ళు విప్పి కిరసనాయిల్లో కడిగింది. ఐసు డబ్బా కట్టుకునేవాడు వచ్చినా, పాల క్యాన్ల మనిషి వచ్చినా, సామాన్ల రిక్షావాడు వచ్చినా వాళ్ళ నాయన ముందుగా అడిగే మాట ఒకటే: "యాడ దిగి తోస్తావు?" రైల్వే గేటు దగ్గర దిగుతానని ఒకడు, చెరువు కట్ట ఎక్కేచోట దిగుతానని ఒకడు చెప్పేవారు. ఆ జవాబును బట్టి వెనక ఎన్ని పళ్ళ చక్రం వేయాలో ఆయన తేల్చేవాడు. బాగున్న దారికి గేరు పెట్టేవాడు బుద్ధి తక్కువోడని తిట్టేవాడు.

మర్నాటి నుంచీ సూరాయమ్మ తొక్కింది. అన్నం డేక్సా, పప్పు డేక్సా, రొట్టెల సంచి, నాలుగు నీళ్ళ క్యాన్లు. కంకర దారి మీద కదిలించడానికే నిలబడి ఒళ్ళంతా ఒక పెడల్ మీద వేయాల్సి వచ్చేది. కదిలాక పరవాలేదు. ఎదురుగాలి వీచిన రోజు అదీ లేదు. ఇసుక రాగానే మూడు తొక్కుళ్ళకి బండి నిలిచిపోయేది. దిగి తోయాలి. రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, తల వంచి, పాదాలు ఇసుకలో కూరుకుపోతుంటే తోయాలి. షెడ్డు చేరేసరికి పదకొండుంబావు. అక్కడున్నవాళ్ళలో వెంకటేష్ అనే పుల్లంపేట మనిషి ఎదురొచ్చి వెనక నుంచి తోసేవాడు. ఎదురొచ్చాడని సోమేశ్వరరావు అతన్ని తిట్టాడు.

పది రోజులకి సూరాయమ్మ కుడి మోకాలు వాచింది. ఆమె మళ్ళీ వెళ్ళి అడిగింది. ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని సోమేశ్వరరావు ఫోన్ చూస్తున్నాడు.

"సార్, ఒక చిన్న చక్రం మారిస్తే అయిపోయే పని. నేనే బిగిస్తా. తెప్పించండి, చాలు."

"గేరు మారిస్తే నెమ్మదిగా వెళ్తుంది. ఇప్పటికే ఆలస్యం చేస్తున్నావ్."

"ఆలస్యమయ్యేదే దిగి తోస్తాండబట్టి సార్."

"అయితే ఇంకాస్త ముందుగా వండు" అన్నాడు, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే.

ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది. చేతిలో ఏమైనా ఉండుంటే విసిరేదే. ఆయన మాట ఒక్కటి కూడా గట్టిగా లేదు. అదే ఎక్కువ మండించింది. గట్టిగా తిట్టుంటే తిరిగి తిట్టేది.

ఆ శుక్రవారం రిగ్గై ఇంట్లో చుట్టాల భోజనాలని మామా ఆమెని పిలిపించింది. పొద్దున్నే డ్రైవర్ వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళే ముందు బషీరా బీ అడిగింది: "ఈపొద్దు అన్నం ఎవరు తీసకపోతారు సూరక్కా?"

"పికప్‌లో ఏసుకొని పోమ్మని సార్‌కి చెప్పినా. సరేనన్యాడు. నువ్వు మాత్రం ఆ బండి ఎక్కగాకు. నీకు తొక్కే అలవాటు లేదు."

"నాకెందుకు తల్లీ ఆ శని" అని బషీరా నవ్వింది.

రిగ్గైలో పది గంటలకల్లా వంట ముగిసింది. కొత్తిమీర అయిపోయిందన్న వంకతో సూరాయమ్మ కిందికి దిగింది. వెనక వీధిలో ఒక బిల్డింగు మెట్ల కింద మహమ్మద్ గౌస్ సైకిళ్ళు బాగుచేస్తుంటాడు. కడప మనిషి, అరవై దాటాయి. డెలివరీ కుర్రాళ్ళ సైకిళ్ళన్నీ ఆయన చేతికిందికే వస్తాయి. రిగ్గైలో ఉన్నన్నాళ్ళూ ఆమె మామా పిల్లల సైకిళ్ళు ఆయన దగ్గరికే తెచ్చేది.

"ఏం చెల్లెమ్మా, తోటకి పోయి మమ్మల్ని మర్సిపోతివి" అన్నాడు గౌస్.

ఆమె కుశలాలు అడగలేదు. ఫోన్లో ఫోటో చూపించింది, పళ్ళ లెక్క చెప్పింది, బరువు చెప్పింది, దారి చెప్పింది. గౌస్ వింటూ వింటూ మొహం చిట్లించాడు.

"నలభై నాలుగుకి పదహారా? ఇసకలోనా? ఎవడు పెట్టినాడు?"

"గోడౌన్లో పెట్టినారు. అట్లే ఇడిసిపెట్టినాడు మా సారు."

గౌస్ రేకు డబ్బా బోర్లించి వెతికి ఇరవై రెండు పళ్ళ చక్రం తీశాడు. సుద్దముక్కతో నేల మీద రెండు గీతలు గీశాడు. "ఇప్పుడు నీకు ఒక చుట్టుకు పదిహేడు అడుగులు పోతాండాది. ఇదేస్తే పన్నెండున్నర. రిక్షాకి కూడా సరిపోతాది."

సూరాయమ్మ ఆ గీతల వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "చాలదు గౌస్ భాయ్. కంకర మీద ఇది బాగుంటాది. ఇసకలో మళ్ళా దిగాల్సిందే. ఇంకా పెద్దది ఉందా?"

"ఇరవై ఎనిమిది ఉండాది. సామాన్ల బండిది. అదేస్తే పది అడుగులే. కంకర మీద కాళ్ళు గిలకల మాదిరి తిరుగుతాయి. ముందుకు పోతాండానా లేదా అనిపిస్తాది. నాకు తెల్సి ఎవరూ అంత తగ్గించుకోరు."

"ఎంత ఆలస్యమవుతాది?"

గౌస్ వేళ్ళ మీద లెక్కేశాడు. "నిమిషానికి అరవై చుట్లు తొక్కితే... ఇరవై రెండుతో తొమ్మిది నిమిషాల్లో పోతావు. ఇరవై ఎనిమిదితో పదకొండు, పదకొండున్నర."

"రెండున్నర నిమిషాలు."

"అంతే. అయితే ఇరవై రెండుతో ఇసకలో దిగితే..."

"పది నిమిషాలు తోయాల" అంది సూరాయమ్మ. "రెండున్నర నిమిషాలు మిగిలిచ్చుకొనేకి పోయి పది పోగొట్టుకోవాల్నా? నాకు దిగకుండా పొయ్యేది కావాల. కాళ్ళు తిరిగితే తిరగనీ. నొప్పి పుట్టకుండా తిరిగితే చాలు."

గౌస్ ఇరవై రెండు పళ్ళ చక్రాన్ని తిరిగి డబ్బాలో వేశాడు. "నిజమే చెల్లెమ్మా. నేను దారి చూసి చెప్పినా. నువ్వు ఆగిపొయ్యే చోటు చూసి చెప్పినావు" అన్నాడు. ఇరవై ఎనిమిది పళ్ళ చక్రం, చైనుకి కలపడానికి ఆరు లింకులు, ఫ్రీవీలు విప్పే పానా పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పానా మాత్రం మళ్ళీ వచ్చినప్పుడు తెచ్చివ్వమన్నాడు.

కొత్తిమీర కట్ట కింద ఆ మూట పెట్టుకుని మెట్లెక్కుతుంటే చాన్నాళ్ళ తర్వాత ఆమెకి మనసు తేలికైంది. అప్పుడు టైము పదకొండు కావస్తోంది.

సరిగ్గా అదే వేళకి కబ్ద్‌లో బషీరా బీ ఇసుకలో పడిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి డ్రైవర్ సూరాయమ్మని గేటు దగ్గర దించాడు. వంటగది తలుపు తీసే ఉంది. కడగని గిన్నెలు తొట్టిలో అలాగే ఉన్నాయి. గదిలో బషీరా మంచం మీద పడుకుని ఉంది, మోచేతికి సూది గుచ్చిన చోట దూది, పెదాలు తెల్లగా పగిలి. మోకాలి చర్మం అరచేతి మేర లేచిపోయింది. పక్కన వెంకటేష్ నేల మీద కూర్చుని తడిగుడ్డ పిండుతున్నాడు.

"ఏమైంది?"

వెంకటేష్ చెప్పాడు. పది గంటలకి సోమేశ్వరరావు పికప్ ఎక్కి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ, అన్నం సైకిలు మీద పంపమని బషీరాకి చెప్పాడు. నాకు రాదు సార్ అంటే, మూడు చక్రాల బండి పడదులే అన్నాడట. ఆమె తొక్కలేక మొదట్నించీ తోసుకుంటూనే వచ్చింది. దాదాపు గంట సేపు. పదకొండున్నరైనా అన్నం రాకపోయేసరికి వెంకటేష్ ఎదురొచ్చాడు. ఇసుకలో బండి పక్కన ఆమె బోర్లా పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట లేదు, మాట తడబడుతోంది. నలుగురు మోసుకెళ్ళి షెడ్లో దోసపాదులకి పెట్టే నీటి గొట్టం ఆమె మీద పెట్టారు. సోమేశ్వరరావుకి ఏడుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. చివరికి పక్క తోట పాకిస్తానీ తన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు సీసాలు ఎక్కించి పంపారు. ఇంకో అరగంట ఆగుంటే కష్టమని అక్కడి నర్సు చెప్పింది.

"అన్నం ఇసక పాలయ్యింది సూరక్కా" అంది బషీరా, కళ్ళు తెరవకుండానే. "పదకొండుమంది ఆకలికి పండుకున్యారు."

"నీ నోట్లో ఇంకా ఆ మాటేనా!" అని సూరాయమ్మ అరిచింది. అరిచి, వెంటనే ఆమె అరికాళ్ళు పట్టుకుంది. కాళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. సంచిలో మూట బరువుగా తగిలింది. తను గీతలు చూసుకుంటూ రెండున్నర నిమిషాల లెక్కలు వేస్తున్నప్పుడు ఈమె ఇసుకలో పడుంది. ఆ ఆలోచనకి ఏడుపొస్తుందనుకుంది. వచ్చింది ఏడుపు కాదు.

సోమేశ్వరరావు వచ్చింది ఆరు గంటలకి. గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "ఎలా ఉందమ్మా ఇప్పుడు? ఆవిడకి కాస్త ఒళ్ళెక్కువ కదా, ఎండకి ఆగలేకపోయింది. మజ్జిగ తాగించు" అన్నాడు.

"పికప్‌లో తీసకపోతానని నాకు చెప్పినావు" అంది సూరాయమ్మ. ఇన్నేళ్ళలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"అర్జెంటు పని పడిందమ్మా."

"ఏం పని?"

"అది నీకు చెప్పాలా?"

"చెప్పాల. మనిషి సచ్చేదాకా వచ్చినాది. ఏం పని పడిందో చెప్పాల."

ఆయన ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు.

ఇంకా వెలుతురు ఉంది. సూరాయమ్మ సైకిలుని వంటగది ముందుకి ఈడ్చుకొచ్చి, పక్కకి పడేసి, పదహారు పళ్ళ చక్రం విప్పింది. వెంకటేష్ బండి పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది బిగించింది, చైనుకి లింకులు కలిపింది, వదులు చూసింది. నాయన షాపులో నేర్చుకున్న పని ముప్పై ఏళ్ళైనా చేతులు మర్చిపోలేదు. పొద్దుగుంకేలోపు రెండు క్యాన్ల నీళ్ళు వేసుకుని దొడ్డి వెనకున్న ఇసుకలో ఒక చుట్టు తిరిగి చూసింది. బండి నిలవలేదు. కాళ్ళు గిరగిరా తిరిగాయి, బండి నిదానంగా సాగింది. మోకాలు సలపలేదు. ఇంత చిన్న పని, ఒక పళ్ళెమంత ఇనప ముక్క, గంట కూడా పట్టలేదు. ఇందుకోసం ఒక మనిషి చావు దాకా వెళ్ళొచ్చింది.

తెల్లవారి బషీరాకి బదులు గొర్రెలకి నీళ్ళు పెట్టి సూరాయమ్మ వచ్చేసరికి సోమేశ్వరరావు సైకిలు ముందు కూర్చుని ఉన్నాడు. చేతులకి గ్రీసు. పాత చక్రం మళ్ళీ వెనక బిగించేశాడు. ఇరవై ఎనిమిది పళ్ళది నేల మీద పడుంది.

"యజమాని బాబా పర్మిషన్ లేకుండా తోట సామాను విప్పకూడదు" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "నువ్వు విప్పినట్టు తెలిస్తే నాకు మాటొస్తుంది. నిన్న జరిగిందానికి బండే కారణమని అందరూ అనుకుంటారు. నేనలా అనుకోనివ్వను."

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆయనకి గేరు గురించి తెలియక కాదు. గేరు మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని పదహారే ఉండాలి. ఇంకెవరు పడిపోయినా పదహారే ఉండాలి.

 ఆయన ఆఫీసులోకి వెళ్ళగానే ఆమె పానా తీసుకుని పాత చక్రాన్ని మళ్ళీ విప్పింది. దాన్ని పట్టుకుని పనిముట్ల కొట్టంలోకి వెళ్ళింది. గొట్టాలు కోసే గ్రైండరు అక్కడుంది. చక్రాన్ని బిగింపులో పెట్టి మర తిప్పి, స్విచ్చి నొక్కింది. నిప్పురవ్వలు కొట్టమంతా చిమ్మాయి. ఆ కీచుమనే చప్పుడుకి ఆఫీసు తలుపు తెరుచుకుంది.

"ఏయ్! ఏం చేస్తున్నావే నువ్వు!"

సూరాయమ్మ తల తిప్పలేదు. "పళ్ళు రాలగొడతాండా సార్. నీవి కాదులే. దీనివి."

ఒకటి, రెండు, మూడు. ఒక్కో పన్నూ పూర్తిగా తెగాకే తర్వాతదానికి వెళ్ళింది. ఆయన దగ్గరికి రాబోయి రవ్వలకి వెనక్కి తగ్గాడు. బషీరా గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. పదహారో పన్ను రాలాక సూరాయమ్మ స్విచ్చి ఆపి, నున్నగా మిగిలిన ఇనప బిళ్ళని ఆయన కాళ్ళ ముందు పడేసింది. "ఇప్పుడు బిగించుకో. ఎన్నిసార్లైనా బిగించుకో."

చేతులకంటిన ఇనప రజను గౌనుకి తుడుచుకుంది. 

సోమేశ్వరరావు మామాకి ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం నాలుగు దాటాక మామా పెద్ద కారులో వచ్చింది. దిగీదిగగానే, "హాదా షిను?" అంది. ఏమిటిదంతా అని. సోమేశ్వరరావు అరగదీసిన బిళ్ళ చూపించాడు. పనామె పిచ్చెక్కి తోట సామాను పాడుచేసిందని, రేపు ఇల్లు తగలబెట్టినా పెడుతుందని చెప్పాడు.

"లేష్, సూరా?" అంది మామా. ఎందుకని.

తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో నేర్చిన అరబీలో సూరాయమ్మ చెప్పింది. బండి సంగతి, ఇసుక సంగతి, ఏడుసార్లు ఎత్తని ఫోన్ సంగతి. బషీరాని ముందుకి లాగి ఆమె మోకాలు చూపించింది. "మామా, నీ పిల్లల్ని ఎత్తుకున్న చేతులివి. అబద్ధం చెప్తే చూడు" అంది.

"మిస్కీనా" అంది మామా, బషీరా మోకాలు వంక చూసి. అయ్యో పాపం అని. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని సోమేశ్వరరావు వైపు తిరిగి, "నువ్వు తొక్కు. బరువు వేసుకుని షెడ్ల దాకా వెళ్ళి రా. యల్లా, కదులు" అంది.

సూరాయమ్మ ఇరవై ఎనిమిది బిగించి ఇచ్చింది. నాలుగు క్యాన్లు వేశారు. ఆయన ప్యాంటు మడిచి ఎక్కాడు. మామా కారులో ఏసీ వేసుకుని కూర్చుంది. అరగంటకల్లా ఆయన తిరిగొచ్చాడు. చొక్కా తడిసింది గానీ మొహం వెలిగిపోతోంది.

"చూశారా మేడమ్! ఎక్కడా దిగలేదు. ఇసుకలో కూడా సులువుగా వెళ్ళిపోయింది. ఈ బండితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. వీళ్ళు ఊరికే రాద్ధాంతం చేస్తున్నారు."

సూరాయమ్మ కారు దగ్గరికి ఉరికింది. "అది నేనేసిన గేరు!" అని అరిచింది. తెలుగులో అరిచి, మళ్ళీ అరబీలో అరిచింది. "అది నేనేసింది మామా! ఆ పాతదానికే మనిషి పడిపోయింది!"

మామా అద్దం దించి చెయ్యి ఎత్తింది. "ఖలాస్. సైకిలు బాగుంది. ఇదే ఉంచండి. ఇంక గొడవ వద్దు." తర్వాత సూరాయమ్మని చూసి, "నువ్వు అడక్కుండా సామాను పాడుచేశావు. రెండు నెలలు రిగ్గైకి రావద్దు" అంది. సోమేశ్వరరావుని ఏమీ అనలేదు. ఆయన ఆ రోజు ఎక్కడికి వెళ్ళాడని అడగలేదు. బషీరాకి రెండు రోజులు పని చెప్పొద్దని మాత్రం అని, అద్దం ఎత్తించి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచీ సూరాయమ్మ ఎక్కడా దిగకుండా షెడ్లకి చేరేది. పదకొండుకి పది నిమిషాల ముందే అన్నం దిగేది. వెంకటేష్‌వాళ్ళు, "గెలిచినావు కదక్కా" అన్నారు. ఆమెకి అలా అనిపించలేదు. మోకాలి వాపు తగ్గింది. కోపం తగ్గలేదు. జరిగింది తప్పు అని ఎవరో ఒకరు, ఒక్క మాట, బషీరా ముందు నిలబడి అని ఉంటే తగ్గేదేమో. గదిలో బషీరా పక్క మీద కూర్చుని పగిలిన పెదాలకి వెన్న రాసుకుంటూ, "పోనీలే అక్కా, బతికితి కదా" అనేది. "అట్ల అనగాకు" అని సూరాయమ్మ కసిరేది. "నువ్వట్ల అంటే వాడికి అదే చాలు."

తర్వాతి ఆదివారం పొద్దున ఆమె డేక్సాలు ఎత్తుకుని బయటికి వచ్చేసరికి సైకిలు మీద అప్పటికే నాలుగుకి బదులు ఆరు నీళ్ళ క్యాన్లున్నాయి.

"ఎవరు ఎక్కించినారు ఇయ్యి?"

సోమేశ్వరరావు పికప్ తలుపు తీస్తూ ఆగాడు. "నేనే. ఇప్పుడు సులువుగా వెళ్తోంది కదా. పురుగుమందు డ్రమ్ముల్లో కలపడానికి షెడ్లలో నీళ్ళు కావాలంట. రేపట్నించి ఎరువు బస్తా కూడా ఒకటి వేద్దాం."

సూరాయమ్మ డేక్సాలు కింద పెట్టింది. రెండు క్యాన్లు ఒక్కొక్కటే దించి, మోసుకెళ్ళి, పికప్ ముందు చక్రాలకి ఆనించి నిలబెట్టింది.

"సులువు చేసింది మా మోకాళ్ళకి. నీ బరువుకి కాదు. కావల్లంటే నీ బండిలో ఏసుకొని పో."

"ఏంటా మాట! మామాకి ఫోన్ చేస్తాను."

"చెయ్. ఈడనే నిలబడి చెయ్. నేనూ మాట్లాడతా. ఎరువు బస్తా సంగతి కూడా చెప్తా."

ఆయన ఫోన్ బయటికి తీశాడు. నొక్కలేదు. గొర్రెల దొడ్డి దగ్గర బషీరా చీపురు పట్టుకుని ఇటే చూస్తూ నిలబడింది. ఆమె వెనక ఇద్దరు కూలీలు. సోమేశ్వరరావు వాళ్ళని చూసి, క్యాన్లని చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సూరాయమ్మ డేక్సాలు సర్దుకుని బయల్దేరింది. కంకర దారి మీద కాళ్ళు గిరగిరా తిరిగాయి. ఎదురుగాలి దుమ్ము లేపుతోంది. తలగుడ్డ ముక్కు దాకా లాక్కుంది. ఇసుక మొదలయ్యే చోటుకి వచ్చేసరికి వెనక నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. పికప్. వెనక ట్రేలో రెండు క్యాన్లు దొర్లుతున్న చప్పుడు కూడా వినిపించింది.

దారి ఒక్క బండికే సరిపోతుంది. హారన్ మోగింది. మళ్ళీ మోగింది.

ఆమె పక్కకి తప్పుకోలేదు. దిగలేదు. ఒక తొక్కుడుకు పది అడుగుల చొప్పున, తన నడకన, ఇసుకంతా దాటింది. హారన్ కొట్టీ కొట్టీ ఆగిపోయింది. షెడ్ల దాకా పికప్ ఆమె వెనకే నెమ్మదిగా రావాల్సి వచ్చింది.